లాఠీ దెబ్బకు ముందు కాగితం పుట్టించండి

అమ్మా, మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇది. మీది కదిరి వైపు. మీరు బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్‌లో పని చేస్తారు, తమ్ముడు బొమ్మసంద్ర దగ్గర ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద ఉన్నాడు. మూడు నెలల జీతం రాక అందరూ గేటు ముందు కూర్చుంటే మధ్యాహ్నం లాఠీఛార్జి చేశారు, తమ్ముడి ఎడమ ముంజేయి విరిగింది. అందరినీ బీఎంటీసీ బస్సులో ఎక్కించి ఒక కల్యాణ మండపంలో రాత్రి దాకా కూర్చోబెట్టారు, ఏదో కాగితం మీద సంతకాలు పెట్టించుకుని వదిలారు. కట్టు కట్టించుకునేటప్పుడు పోలీసు కేసు గొడవెందుకని క్లినిక్‌లో బాత్‌రూమ్‌లో జారిపడ్డానని చెప్పాడు. ఇది జరిగి ఆరు రోజులు. ఎఫ్‌ఐఆర్‌లో నలుగురి పేర్లు, "ఇంకా అరవై మంది" అని ఉందని ఇప్పుడు తెలిసింది. పోలీసులు ఇలా కొట్టవచ్చా, తమ్ముణ్ణి పట్టుకుపోతారా, ఫిర్యాదు చేస్తే పగబడతారా అని అడిగారు. పెద్దవాళ్ళ ఊరేగింపుకు దగ్గరుండి దారి చేసిచ్చే పోలీసులు మాలాంటివాళ్ళనే ఎందుకు బాదుతారని కూడా అడిగారు.

నేను బెంగళూరులో క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తాను, మాది హిందూపురం. మీ చివరి ప్రశ్నకు జవాబు మీరు వేసిన మొదటి ప్రశ్నల్లోనే ఉంది, అందుకని వరసగానే వస్తాను. అయితే వాటన్నిటికన్నా ముందు ఒక పని ఉంది, అది రేపు పొద్దున్నే కావాలి.

తమ్ముణ్ణి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. జయనగర్ పక్కన సంజయ్ గాంధీ ఎముకల ఆసుపత్రి ఉంది, లేదంటే విక్టోరియా. చీటీ రాసే దగ్గరే "ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) చేయాలి" అని చెప్పండి. అంటే ఇది మామూలు ఓపీ కేసు కాదు, దెబ్బల కేసు అని రిజిస్టరులోకి ఎక్కాలి. "పోలీసులను తీసుకురండి, అప్పుడు చేస్తాం" అని ఎవరైనా అంటే వెనక్కి రాకండి, డ్యూటీ డాక్టరునో, ఆర్‌ఎంఓ అనే ఆసుపత్రి అధికారినో కలవండి. దెబ్బలతో వచ్చిన మనిషిని చూసి రాసుకోవడానికి డాక్టరుకు పోలీసుల అనుమతి అక్కర్లేదు.

డాక్టరు మొదట అడిగేది "ఎలా తగిలింది" అని. దానికి మీవాడు చెప్పే జవాబు ఒక్క వరసలో రాసుకుంటారు. రేపు కోర్టులో ఆ ఒక్క వరస మీదే గంటలకొద్దీ వాదన నడుస్తుంది. "ఫలానా తేదీన, ఫలానా ఫ్యాక్టరీ గేటు దగ్గర, యూనిఫారంలో ఉన్న పోలీసులు లాఠీలతో కొట్టారు. భయపడి క్లినిక్‌లో జారిపడ్డానని చెప్పాను" అని చెప్పమనండి. ఆ చివరి వాక్యం మరవొద్దు. పాత చీటీని దాచిపెడితే అవతలి వకీలు బయటికి తీస్తాడు, మనమే ముందు చెబితే దాని పదును పోతుంది. పేరు తెలియని పోలీసుకు పేరు కట్టొద్దు. తెలియకపోతే తెలియదనే చెప్పాలి.

ఎక్స్‌రే గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ కేసులో అదే అన్నిటికన్నా గట్టి సాక్షి కావచ్చు. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. జారిపడ్డ మనిషి అరచెయ్యి నేలకు ఆనిస్తాడు కాబట్టి ఎక్కువగా మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు ఎముక విరుగుతుంది. నెత్తి మీదికి వచ్చే కర్రకు చెయ్యి అడ్డం పెడితే చిటికెనవేలి వైపు ఎముక, అల్నా అంటారే, అది ఒక్కటే నడిమికి విరుగుతుంది. వైద్యుల పుస్తకాల్లో దానికి నైట్‌స్టిక్ ఫ్రాక్చర్ అనే పేరు, పోలీసు కర్ర మీదే వచ్చిన పేరు. మీ తమ్ముడి ఎక్స్‌రేలో ఉన్నది అదే అయితే బాత్‌రూమ్ కథ దానంతట అదే వీగిపోతుంది. ఇంకో సంగతి కూడా బయటపడుతుంది: ఆ లాఠీ కాళ్ళకు కాదు, తలకు గురిపెట్టింది. తల మీద కొట్టకూడదని, నడుం కిందే కొట్టాలని పోలీసులకు శిక్షణలోనే నేర్పుతారు. కాబట్టి ఎక్స్‌రే ఫిల్ము మీద పేరు, తేదీ ఉన్నాయో లేదో చూసుకుని ఇంట్లో భద్రం చేయండి. క్లినిక్‌లో తీసిన మొదటి ఎక్స్‌రే కూడా అడిగి తెచ్చుకోండి.

వీపు మీద, తొడల మీద వాతలు ఉంటే ఈ రాత్రే ఫోటోలు తీయండి. గుండ్రటి కర్ర వేగంగా పడితే చర్మం మీద రెండు కమిలిన గీతలు పక్కపక్కనే తేలతాయి, మధ్యలో పాలిపోయి ఉంటుంది. పడితే తగిలే దెబ్బ అలా ఉండదు. కమిలిన చోటు మొదట ఎర్రగా, తర్వాత నీలంగా ఉంటుంది. అయిదారు రోజులకు పచ్చబడుతుంది, వారం దాటితే పసుపు రంగుకు తిరుగుతుంది, రెండు వారాలకు ఇంచుమించు మాసిపోతుంది. అంటే మీకున్న సాక్ష్యం రోజురోజుకూ చెరిగిపోతోంది. పక్కన స్కేలు పెట్టి ఒకటి, ముఖం కనబడేలా ఒకటి తీయండి. ఆ ఫోను మార్చకండి, అమ్మకండి. గేటు దగ్గర వీడియోలు తీసినవాళ్ళకూ ఇదే మాట చెప్పండి. వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన కాపీకి కోర్టులో విలువ తక్కువ. మొదట తీసిన ఫోనులోని ఫైలు, దానితోపాటు సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి.

ఇక ఎఫ్‌ఐఆర్. కొన్ని సున్నితమైన నేరాలు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. కర్ణాటక పోలీసుల సైట్లో స్టేషను, తేదీ కొట్టి వెతకండి. దొరికితే అందులో చూడాల్సింది పేర్లకన్నా సెక్షన్లు. ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్. అందులో 223 అంటే అధికారి ఇచ్చిన ఉత్తర్వును ఉల్లంఘించడం, పాత ఐపీసీ 188. దాని మీద కోర్టు కేసు తీసుకోవాలంటే ఉత్తర్వు ఇచ్చిన అధికారో ఆయన పైఅధికారో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆ ఫిర్యాదు లేకపోవడం వల్లే ఇలాంటి కేసులు హైకోర్టులో చాలా కొట్టుడుపోతుంటాయి. 189, 191 అంటే చట్టవిరుద్ధ సమూహం, అల్లర్లు. వీటి మామూలు రూపానికి స్టేషను బెయిలే వస్తుంది. మీరు భయపడాల్సింది 132, 121 కనబడితే. మొదటిది డ్యూటీలో ఉన్న ఉద్యోగి మీద దౌర్జన్యం, రెండోది గాయపరచడం. రెండూ నాన్ బెయిలబుల్. చెయ్యి విరిగినవాడి మీదే "కానిస్టేబులును తోశాడు" అని ఈ సెక్షన్లు పెట్టడం ఈ ఊళ్ళో కొత్తేమీ కాదు. అవి ఉంటే ముందస్తు బెయిలుకు బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 482 కింద సెషన్స్ కోర్టులో వెంటనే వేయించండి. "అరవై మంది"లో పేరు లేదు కదా అని నిమ్మళంగా ఉండొద్దు. ఆ ఖాళీని ఎప్పుడైనా, ఎవరితోనైనా నింపుతారు.

పిలుపు వస్తే నోటీసు అడగాలి. ఏడేళ్ళ లోపు శిక్ష ఉండే నేరాల్లో మామూలుగా బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవాలి, అరెస్టు చేస్తే కారణం రాయాలి. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ "చెల్లదు కదా" అని వెళ్ళకుండా కూర్చోకండి. వకీలును వెంటబెట్టుకుని వెళ్ళండి, వెళ్ళినట్టు రాతలో ఉంచుకోండి.

ఆ సంతకం సంగతి. మన తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక చిక్కుంది. కన్నడ లిపి మన లిపికి దగ్గర కాబట్టి సగం చదవగలం, చదివాం కాబట్టి అర్థమైందనుకుంటాం. మీవాడు పెట్టింది బహుశా ముచ్చలికె కావచ్చు, మన భాషలో పూచీకత్తు, "మళ్ళీ ఇలా చేయను" అనే కాగితం. లేదంటే వాంగ్మూలం కింద పెట్టించుకుని ఉండవచ్చు. వాంగ్మూలమైతే కంగారు పడకండి. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సంతకం తీసుకోవడానికే చట్టం ఒప్పుకోదు. పోలీసు ముందు నేరం ఒప్పుకున్నట్టు రాసున్నా అది కోర్టులో రుజువు కాదు. ఉత్త తెల్లకాగితమైతే మాత్రం డీసీపీకి వెంటనే ఒక ఉత్తరం పెట్టాలి: ఫలానా రాత్రి ఫలానా మండపంలో రాత లేని కాగితం మీద సంతకం చేయించుకున్నారు, అందులో ఏం రాసినా అది నా మాట కాదు అని. తెలుగులోనే రాసినా ఫరవాలేదు, పక్కన కన్నడ అనువాదం జత చేయండి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

అరెస్టు చేస్తే కారణాలు ఆ మనిషికి తెలిసిన భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరులో మిహిర్ షా కేసులో సుప్రీంకోర్టు అన్ని నేరాలకూ వర్తించేలా చెప్పింది. ముందే ఇవ్వలేకపోతే రిమాండుకు ప్రవేశపెట్టడానికి కనీసం రెండు గంటల ముందైనా చేతికివ్వాలి. బెంగళూరులో తెలుగు, తమిళ, ఒడియా, బెంగాలీ కూలీలకు ఈ తీర్పు చాలా పెద్దది. మేజిస్ట్రేటు ముందు నిలబడినప్పుడు మీవాడు "నాకు కన్నడ రాదు, కాగితం తెలుగులో ఇవ్వలేదు" అని నోరు తెరిచి చెప్పాలి. కొట్టారా అని అడిగితే చెయ్యి చూపించాలి. అడగకపోయినా చూపించాలి.

కొట్టవచ్చా అన్న ప్రశ్నకు వస్తే, కొట్టవచ్చు. ఎప్పుడు, ఎంత, ఎవరు చెబితే అన్నదే చట్టం. బీఎన్‌ఎస్‌ఎస్ 148 ప్రకారం చట్టవిరుద్ధ సమూహాన్నో, శాంతికి భంగం కలిగించేలా ఉన్న అయిదుగురు అంతకు మించిన గుంపునో ముందు చెదిరిపొమ్మని ఆదేశించాలి. ఆ ఆదేశం ఇవ్వాల్సింది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు, లేదా స్టేషను ఇన్‌చార్జి అధికారి, ఆయన లేనప్పుడు ఎస్‌ఐకి తగ్గని అధికారి. కదలకపోతేనే బలప్రయోగం. కానిస్టేబులు తనంతట తాను లాఠీ ఎత్తే అధికారం ఈ సెక్షన్లో లేదు. చెదరగొట్టడమే దీని ఉద్దేశం, శిక్షించడం కాదు. పరుగెత్తి పోతున్నవాణ్ణి తరిమి కొడితే, కిందపడ్డవాడి చుట్టూ చేరి బాదితే, ఆ గుంపు అప్పటికే చెదిరిపోయింది కాబట్టి 148 అక్కడితో అయిపోయినట్టే. 2016లో అనితా ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు అన్నది ఇదే: గుంపు హింసకు దిగితే బలం వాడవచ్చు, అదుపులోకి వచ్చాక కూడా కొడుతూ పోతే అది అతి. ఆ కేసులో పరిహారం కూడా ఇప్పించింది. అంతకుముందు 2012లో, ఢిల్లీ రాంలీలా మైదానంలో అర్ధరాత్రి నిద్రపోతున్న జనం మీద పోలీసులు పడ్డ ఘటనలోనూ తప్పు పట్టింది.

అందుకని మీ దగ్గరున్న వీడియోల్లో నేను వెతికేది లాఠీ దృశ్యం కాదు, దానికి ముందున్న రెండు నిమిషాలు. మైకులో హెచ్చరిక వినబడిందా, ఏ భాషలో, లేచి వెళ్ళడానికి సమయం ఇచ్చారా, దారి ఉందా. వెనక గోడ, ముందు పోలీసులు ఉంటే జనం ఎక్కడికి చెదరాలి? గేటు ముందు స్థలం ఎలా ఉందో ఒక బొమ్మ గీసి పెట్టుకోండి, చేత్తోనే చాలు. దెబ్బలు తగిలినవాళ్ళు ఎక్కడెక్కడ కూర్చున్నారో అందులో గుర్తు పెట్టండి.

కొట్టినవాళ్ళు ఎవరో తెలియదని రాశారు. సహజమే. బందోబస్తుకు వచ్చేది ఎక్కువగా కేఎస్‌ఆర్‌పీ, అంటే రాష్ట్ర రిజర్వు పోలీసు ప్లటూన్లు, హెల్మెట్ పెట్టుకుంటే ముఖం కనబడదు, జాకెట్ కింద నేమ్‌ప్లేట్ ఉండదు. అరెస్టు చేసే పోలీసులకు పేరు, హోదా స్పష్టంగా కనబడేలా ఉండాలని 1996 నాటి డీకే బసు తీర్పు. లాఠీఛార్జి రోజున అది ఎక్కడా కనబడదు. కానీ ఆ రోజు ఏ ప్లటూను ఎక్కడ నిలబడాలో బందోబస్తు ఉత్తర్వులో ఉంటుంది. వ్యాను నంబరు ఎవరి వీడియోలోనైనా దొరుకుతుంది. ఆర్టీఐ కింద ఆ ఉత్తర్వు, స్టేషను డైరీలో ఆ రోజు ఎంట్రీలు అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

సీసీ కెమెరాల సంగతి ఆర్టీఐ దాకా ఆగకూడదు. ఫ్యాక్టరీ గేటు కెమెరా, రోడ్డు మీది సేఫ్ సిటీ కెమెరా, పోలీసులే తీయించిన వీడియో, స్టేషను కెమెరాలు, వీటి రికార్డింగు చెరపకుండా ఉంచమని డీసీపీకి, కమిషనరుకు ఇవాళే మెయిలు పెట్టండి. స్టేషన్లలో రికార్డింగు పద్దెనిమిది నెలలు ఉంచాలని 2020 డిసెంబరులో పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది కుదరనిచోట కనీసం ఏడాది. కాగితం మీద ఉన్న మాట అది. అదే ఏడాది జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో లాక్‌డౌన్ వేళ దాటి దుకాణం తెరిచారని తీసుకెళ్ళిన తండ్రీకొడుకులు కస్టడీ దెబ్బలకు చనిపోయారు. మేజిస్ట్రేటు వెళ్ళి చూస్తే స్టేషను కెమెరాల రికార్డింగు ఏ రోజుకారోజు చెరిగిపోయేలా అమర్చి ఉంది, హార్డ్‌డిస్కులో చోటు ఉండి కూడా.

ఆ కేసును ఇంకో కారణానికి ఎత్తాను. అక్కడ చట్టంలో ఉన్న తలుపులన్నీ ఉన్నాయి. రిమాండుకు ముందు డాక్టరు చూడాలి, చూసి ఫిట్ అని రాశారు. మేజిస్ట్రేటు మనిషిని చూసి రిమాండు ఇవ్వాలి, దూరం నుంచే చూసి ఇచ్చారని ఆరోపణ వచ్చింది. రెండు తలుపులూ తెరిచే ఉన్నా లోపల ఎవరూ లేనట్టయింది. మద్రాసు హైకోర్టు మదురై బెంచి తనంతట తాను కేసు తీసుకుని, స్టేషనును రెవెన్యూ అధికారుల చేతికి అప్పగించి, ఒక మహిళా హెడ్ కానిస్టేబులు ధైర్యం చేసి వాంగ్మూలం ఇచ్చాకే నిజం బయటపడింది. అందుకే నేను ఎవరికైనా ముందు ఎమ్మెల్సీ, తర్వాత మేజిస్ట్రేటు అని చెబుతాను. రిట్లు, కమిషన్లు ఆ రెండింటి తర్వాతే.

పెద్దవాళ్ళకో న్యాయం మాకో న్యాయమా అన్నారు. 2019 డిసెంబరు 19న పౌరసత్వ చట్టం మీద నిరసనకు టౌన్‌హాల్ దగ్గరికి వచ్చిన చరిత్రకారుడు రామచంద్ర గుహను పోలీసులు రెక్క పట్టుకుని లాక్కెళ్ళారు. టీవీ వాళ్ళతో మాట్లాడుతుండగానే తీసుకుపోయారు. అంటే చెయ్యి పడటంలో పెద్దా చిన్నా లేదు. తేడా ఎక్కడంటే, ఆయన్ని ఏ వేళకు పట్టుకున్నారో, ఎవరు పట్టుకున్నారో దేశమంతా చూసింది, సాయంత్రానికి వదిలేశారు. అదే రోజు బస్సుల్లో ఎక్కించిన మిగతావాళ్ళలో చాలామంది గురించి వాళ్ళ ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ రోజు ఊరంతటికీ పెట్టిన 144 ఉత్తర్వు చట్టవిరుద్ధమని 2020 ఫిబ్రవరి 13న కర్ణాటక హైకోర్టు తేల్చింది. డీసీపీల లేఖలు తప్ప కమిషనరు స్వయంగా ఆలోచించి నిర్ణయానికి వచ్చిన ఆనవాలు ఆ ఉత్తర్వులో లేదంది. తీర్పు గొప్పదే. కానీ నిరసన తెలపాల్సిన రోజు పోయి రెండు నెలలైంది.

దీన్లో ఇంకో మెలిక ఉంది. బెంగళూరులో కమిషనరేట్ కాబట్టి నిషేధం పెట్టే మేజిస్ట్రేటు అధికారమూ, దాన్ని అమలు చేసే లాఠీ అధికారమూ ఒకే ఆఫీసువి. ఇప్పుడా 144 బీఎన్‌ఎస్‌ఎస్‌లో 163 అయింది, ఆఫీసు మాత్రం ఇన్‌ఫాంట్రీ రోడ్డులోనే ఉంది.

నేను చూసినంతలో సమానత్వం తప్పేది లాఠీ దగ్గర కన్నా లాఠీ తర్వాత. ఎవరికి ఎమ్మెల్సీ అవుతుంది, ఎవరికి జారిపడ్డాడని రాస్తారు. ఎవరి వకీలు స్టేషను గేటు దాటి లోపలికి పోగలడు. బెయిలు వచ్చాక ఎవరికి జామీనుదారు దొరుకుతాడు. ఈ చివరిది మన వలస జనానికి గొంతులో ముల్లు. ఇక్కడ సొంత ఇల్లో పొలమో ఉన్నవాణ్ణి జామీను తెమ్మంటారు, కదిరిలో ఉన్న మామ పాస్‌బుక్కు పనికిరాదంటారు. 1978లో మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దీన్నే ఎద్దేవా చేశారు. ఎక్కడో దూరాన పట్టుబడ్డ మలయాళీ, కన్నడిగుడు, తమిళుడు, తెలుగువాడు స్థానిక జామీను ఎక్కణ్ణుంచి తేవాలని అడిగారు. వేరే జిల్లా జామీను అన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదని ఆ తీర్పు సారం. అవసరం పడితే మీ వకీలును ఆ తీర్పు కాపీతోనే వెళ్ళమనండి. మన జైళ్ళలో నూటికి సుమారు 76 మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే అని 2022 జైలు లెక్కలు. వాళ్ళందరూ నేరం పెద్దదై లోపల లేరు, చాలామందికి పూచీ పడేవాడు లేక ఉన్నారు.

పోలీసుల వైపు కూడా ఒక మాట చెప్పకపోతే సగమే చెప్పినట్టు. 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ డబ్బు 58 ఏళ్ళ దాకా పూర్తిగా తీసుకోకూడదన్న నిబంధన మీద గార్మెంట్ ఆడవాళ్ళు హోసూరు రోడ్డు, మైసూరు రోడ్డు నింపేశారు. మీ ఫ్లోరులో పాతవాళ్ళను అడగండి, చెబుతారు. ఆ రెండు రోజుల్లో లాఠీలు ఆడాయి, భాష్పవాయువు వదిలారు, ఇంకోపక్క బస్సులు తగలబడ్డాయి, హెబ్బగోడి స్టేషను మీద దాడి జరిగింది. ఎవరు చేశారన్నది వేరే సంగతి. తెల్లవారుజామునుంచి నీళ్ళు కూడా లేకుండా నిలబడిన కానిస్టేబులు మీదికి రాళ్ళు వచ్చినప్పుడు అతనూ భయపడతాడు. 2020 ఆగస్టులో గుంపు డీజే హళ్ళి స్టేషను మీద దాడి చేయడం చూసినవాళ్ళెవరూ పోలీసు చేతులు కట్టుకుని నిలబడాలని అనరు. కానీ ఈ వాదన జీతం అడుగుతూ కింద కూర్చున్నవాళ్ళకు వర్తించదు. ఇంకో విషయం, 2016లో కేంద్రం రెండో రోజే, ఏప్రిల్ 19న, ఆ నిబంధన వెనక్కి తీసుకుంది. యూనియన్ కూడా సరిగ్గా లేని ఆడవాళ్ళు సాధించినది అది. కేసులు మాత్రం కూలీల మీద మిగిలాయి.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి? ముందు స్టేషనుకు రాతపూర్వకంగా, తీసుకోకపోతే డీసీపీకి పోస్టులో. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు. ఎముక విరగడం చట్టంలో తీవ్ర గాయం కిందికే వస్తుంది, మామూలు దెబ్బ కాదు. 2006 ప్రకాశ్ సింగ్ తీర్పు తర్వాత వచ్చిన పోలీసు ఫిర్యాదుల ప్రాధికారం ముందుకు వెళ్ళడానికీ ఇదే ఆధారం. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఏడాది లోపు రాయాలి, ఫీజు లేదు, తెల్లకాగితం చాలు. స్టేషనులో తీవ్రంగా గాయపరిస్తే అక్కడి కెమెరా రికార్డింగు తెప్పించుకునే దారి కూడా సైనీ తీర్పు కమిషన్‌కు చూపించింది.

ఒక్కటి దాచకుండా చెబుతాను. ఫలానా పోలీసును జైలుకు పంపుతామన్న ఆశతో మొదలుపెట్టకండి. గుంపును చెదరగొట్టేటప్పుడు చేసినదానికి ప్రాసిక్యూట్ చేయాలంటే బీఎన్‌ఎస్‌ఎస్ 151 కింద రాష్ట్ర ప్రభుత్వ అనుమతి కావాలి. దానిపైన కర్ణాటక పోలీసు చట్టం 170 ఉంది. డ్యూటీలో హద్దు దాటినా సరే, ఆ పనికి డ్యూటీతో సంబంధం ఉంటే అనుమతి తప్పదని 2020లో ఈ ఊరి పోలీసు అధికారి కేసులోనే, దేవరాజ కేసు అంటాం, సుప్రీంకోర్టు చెప్పింది. బీఎన్‌ఎస్‌ఎస్ 218లో ప్రభుత్వం 120 రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే అన్న కొత్త మాట చేర్చారు, అది మంచిదే. అయినా ఇవి ఏళ్ళ తరబడి నడిచే కేసులు. మీకు అందుబాటులో ఉన్నవి మూడు: తమ్ముడి మీద కేసు తేలిపోవడం, చేతికి పరిహారం, రావాల్సిన జీతం. పరిహారం హైకోర్టులో రిట్ ద్వారానో కమిషన్ ద్వారానో వస్తుంది, దానికి కొట్టినవాడి పేరు తెలియకపోయినా ఫరవాలేదు, రాజ్యం కొట్టిందని రుజువైతే చాలు.

పగబడతారా అంటే, ఒక్కరే పోతే పట్టవచ్చు. దెబ్బలు తగిలినవాళ్ళు ఎంతమంది ఉంటే అంతమంది ఎవరి ఫిర్యాదు వాళ్ళు, ఎవరి ఎమ్మెల్సీ వాళ్ళు, ఒకే రోజు ఇవ్వండి. అందరికీ ఒకే వకీలు రాసిన ఒకే మూస కాగితం వద్దు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరికి ఏ వైపు తగిలిందో ఎవరి మాటల్లో వాళ్ళు చెప్పాలి. వకీలుకు డబ్బు లేదని ఆగకండి. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. 15100కు ఫోను చేయండి, లేదా సిద్దయ్య రోడ్డులో న్యాయ దేగుల అని రాష్ట్ర న్యాయ సేవల ఆఫీసుంది, అక్కడికి వెళ్ళండి. తెలుగు తెలిసిన వకీలు కావాలని అడగండి, ఈ ఊళ్ళో కొరత లేదు.

చివరగా, ఫ్యాక్టరీ వాళ్ళు ఇంకా కదల్లేదు కాబట్టి మళ్ళీ కూర్చుందామని మీవాళ్ళు అంటున్నారని రాశారు. గేటు దగ్గర వద్దు. 2021 నాటి ఉత్తర్వు ప్రకారం బెంగళూరులో ధర్నాలు, ప్రదర్శనలు ఫ్రీడమ్ పార్కులోనే చేయాలి, అదీ ముందుగా లైసెన్సు తీసుకుని. ఊరి మధ్యలో శేషాద్రి రోడ్డు మీద, ఎమర్జెన్సీలో వాజ్‌పేయి, అద్వానీలను పెట్టిన పాత సెంట్రల్ జైలే ఆ పార్కు. బొమ్మసంద్రలో జీతం ఎగ్గొట్టినవాడికి అక్కడ అరిచే అరుపు వినబడదు, ఈ ఉత్తర్వు మీద నాకున్న అభ్యంతరం అదే. కానీ అభ్యంతరం కోర్టులో పెట్టుకుందాం, మళ్ళీ 223 కేసు మీ నెత్తిన వద్దు. బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక భవన్ అని కార్మిక శాఖ ఆఫీసు ఉంది. కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే అసలు యాజమాన్యమే కట్టాలని చట్టం. మూడు నెలల హాజరు ఎలా చూపిస్తారో, అంటే గేటు పాసులు, పంచింగ్, బ్యాంకు ఖాతాలో పడ్డ పాత జీతాల స్టేట్‌మెంటు, అవి అందరివీ పోగు చేసి అక్కడ క్లెయిమ్ వేయండి. ఫ్రీడమ్ పార్కుకు అనుమతి అడుగుతూ పెట్టే అర్జీకి ఆ క్లెయిమ్ నకలు జత చేయండి, అర్జీ అందినట్టు సీలు వేయించుకున్న కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ఆసుపత్రి పని అయ్యాక ఎమ్మెల్సీ నంబరు, ఎఫ్‌ఐఆర్‌లోని సెక్షన్లు రాయండి. పేర్లు, స్టేషను పేరు ఇక్కడ పెట్టకండి. 132 ఉందా లేదా అన్నది తెలిస్తే బెయిలు సంగతి అప్పుడు చెబుతాను.